ముందు మనిషి

ఆవిడ అసలు పేరు డిపోలో జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ మైకక్క. గేటు దగ్గర నిలబడి ఆవిడ టీ ఉందా అని అడిగితే, క్యాంటీనులో ఉన్నవాడే కాదు, రోడ్డుకు అవతల పంక్చర్లు వేసేవాడు కూడా ఉందని జవాబు చెప్పేవాడు. అదేం పుట్టుకతో వచ్చిన గొంతు కాదు. ఏళ్ల తరబడి డీజిలు బండి నడిపితే ఎవరి గొంతయినా అంతే అవుతుంది. ఆ పాత బండి ఇంజను డ్రైవరు ఒళ్లో కూర్చున్నట్టే ఉండేది. కొండ ఎక్కేటప్పుడు అది పెట్టే గోలలో పక్క మనిషికి మాట వినపడాలంటే పొట్టలోంచి అరవాలి. అలా అరిచి అరిచి, బండి దిగాక కూడా గొంతు తగ్గించడం ఆవిడకు చేతకాకుండా పోయింది.

బండి పని ఏమిటంటే, కొండ మీద కరెంటు టవర్ల వరస ఒకటుంది. వాటిని కనిపెట్టుకుని ఉండేవాళ్లు పైన రేకుల షెడ్లలో కాపురం. వాళ్ల తిండి సరుకులు, నీళ్ల డబ్బాలు, తీగ చుట్టలు, మందులు, ఇళ్ల నుంచి వచ్చిన మూటలు అన్నీ కింద డిపోలో ఎక్కించుకుని పైన దించాలి. పైకి పోయేదాన్ని రోడ్డనడం కూడా మర్యాద కోసమే. రాళ్లు దొర్లిన గాడి అది. దారి మధ్యలో ఒక వాగు, వాగు దాటాక మబ్బు మలుపు. ఏడాదిలో చాలా రోజులు అక్కడ మబ్బు నేలమీదే కూర్చుని ఉంటుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క చెప్పుకోడానికి ఏమీ లేదు.

అందుకని ఆ బండికి ఇద్దరుండాలని మొదటినుంచీ నియమం. ఒకరు నడిపేవాళ్లు, ఒకరు ముందు మనిషి. మలుపు రాగానే ముందు మనిషి దిగి, చేతిలో ఎర్రగుడ్డ పట్టుకుని, బండికి వీపు పెట్టి నడవాలి. చూపు దారి అంచు మీదే ఉండాలి. వెనక్కి తిరగకూడదు. ఒకసారి తల తిప్పారా, ఆ మబ్బులో అంచు మళ్లీ దొరకదు. మరి బండి ఎంత దూరంలో వస్తోందో తెలిసేదెలా? చెవులతోనే. ఇంజను మోత వీపుకు తగులుతూ ఉంటుంది. మోత దగ్గరైతే అడుగు పెంచాలి, దూరమైతే నిదానించాలి. నడిపేవాళ్లు ఆ ఎర్రగుడ్డ వెనకాలే పోవాలి. అంతే విద్య. చెప్పుకుంటే రెండు ముక్కలు, నేర్చుకునేసరికి తాతలు దిగొస్తారు.

మైకక్కకు ముందు మనిషి ఒక బక్కపలచని ఆవిడ. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. నిజానికి ఏ చుట్టరికమూ లేదు. ఎవరి అన్నను ఎవరు చేసుకున్నారని డిపో మెకానిక్కు ఒకసారి ఏడిపించబోతే, "మీ అన్నను నేనూ వద్దన్నాను, ఆవిడా వద్దంది. అలా కలిసింది చుట్టరికం" అని మైకక్క వాడి నోరు మూయించింది. వాడు మళ్లీ ఆ ఊసెత్తితే ఒట్టు.

వదిన ఇల్లు సంతలా ఉండేది. మొగుడు, అత్తమామలు, ఎదిగిన పిల్లలు, మూతి ముడుచుకుని తిరిగే ఆడపడుచు. మైకక్క ఇంట్లో మైకక్క ఒక్కతే. అసలు ఆ బండి మొదట ఆవిడ భర్త నడిపినది. సెలవు రోజుల్లో డిపో ఆవరణలోనే భార్యకు సరదాగా స్టీరింగు ఇచ్చేవాడు. ఊపిరితిత్తులు పాడై ఆయన పోయాక, కంపెనీ వాళ్లు జాలిపడి ఆఫీసు ఊడ్చే పని ఇస్తామన్నారు. ఆవిడ చీపురు వద్దు, బండి ఇమ్మంది. పెద్దలు నవ్వారు. సరేలెమ్మని తాళం ఇచ్చి చూస్తే, అంత బండినీ గేటులోంచి వెనక్కి నడిపి, గోడకు గీత పడకుండా తెచ్చి నిలబెట్టింది. నవ్విన మొహాలు మాడిపోయాయి. పిల్లలు లేరు. డిపో వెనక క్వార్టర్లలో రెండు గదులు, ఒక మంచం, ఒక రేడియో, బయట ఒక కుళాయి. అదీ ఆవిడ సంసారం.

ఆ రెండు గదుల్లో ఆవిడ నోరు విప్పేది కాదు. ఫోనులో మాట్లాడితే పక్కింటివాళ్లు గోడ మీద తట్టేవాళ్లు. దూరాన తమ్ముడి ఇల్లుంది. వెళ్తే మరదలు బాగానే చూసుకునేది, కానీ ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా, వదినా కాస్త నెమ్మదిగా, పాప పడుకుంది అనేది. పాప పెరిగి కాలేజీకి పోయింది, అయినా ఆ మాట మాత్రం మారలేదు. తప్పు పట్టడానికి లేదు, అలాగని భరించడానికీ లేదు. మైకక్క అక్కడికి వెళ్లడం తగ్గించింది, ఆ తర్వాత మానేసింది.

కాబట్టి ఆవిడకు మనిషన్న వాళ్లతో మాటలు ఏమైనా ఉంటే అవి బండిలోనే. బండి డిపో గేటు దాటిందంటే ఇద్దరూ మొదలుపెట్టేవాళ్లు. అత్త పెట్టిన ఆరళ్లు, ఆడపడుచు అలకలు, షెడ్డువాళ్ల గడ్డాలు, గుమాస్తా పిసినారితనం, ఒకటేమిటి. ఇంజను మోతలో చెప్పింది సగం వినపడేది, సగం గాలికి పోయేది. వినపడనప్పుడు "ఆ" అంటే సరిపోయేది. ఇటు నుంచి ఒక ఆ, అటు నుంచి ఒక ఆ. దిగేసరికి ఇద్దరికీ గొంతులు బొంగురుపోయి, మనసులు తేలికయ్యేవి. బండి లేని రోజుల్లో మైకక్క కాలు కాలిన పిల్లిలా క్వార్టర్ల చుట్టూ తిరిగేది. చెప్పకేం, ఆవిడ బతుకంతా ఆ పక్క సీటులో కూర్చుని ఉండేది.

పాత బండికి కాలం చెల్లింది. దాని బదులు కరెంటు బండి ఒకటి వచ్చింది. గేటులోంచి వస్తుంటే డిపో డిపో అంతా బయటికొచ్చి నోళ్లు వెళ్లబెట్టింది. చక్రాలు మనిషి నడుమెత్తున ఉన్నాయి. ఒక్కో చక్రానికీ ఒక్కో మోటారట. బ్యాటరీ మొత్తం అడుగున పలకలా పరిచారట. కావాలంటే బండి తనంతట తాను ఒక జానెడు పైకి లేస్తుంది, మళ్లీ కిందికి కూర్చుంటుంది. ఇంతా చేసి చప్పుడు లేదు. నిదానంగా పోయేటప్పుడు మాత్రం దోమ పాడినంత సన్నటి రొద ఒకటి. మెకానిక్కు దానికి మౌని అని పేరు పెట్టాడు. చప్పుడు చెయ్యని బండీ, పలకని మొగుడూ ఒకటే, లోపల ఏముందో తెలిసి చావదు అని మైకక్క పెదవి విరిచింది.

బండితోపాటు దాన్ని తయారుచేసిన కంపెనీ ఇంజనీరుగారు వచ్చాడు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట, తెలియనిది తెలియదని ఒప్పుకునే రకం. చలి రోజులు గడిచేదాకా ఈ దారిలో మైకక్క నడపాలి, ఆఖర్న ఆవిడ చెప్పినదాన్ని బట్టే బండి ఇక్కడ ఉంటుందో పోతుందో తేలుతుంది అన్నాడు. బరువు లాగడం, వాగు దాటడం, దిగేటప్పుడు నిలవడం, చలిలో బ్యాటరీ ఎంత తగ్గుతుందన్నది, అన్నీ చూడాలి. చిట్టచివరి ప్రశ్న ఒకటుంది. ఈ బండికి మనుషులు ఎందరు కావాలి, ఒకరా ఇద్దరా అని. ఒకరు చాలని మా వాళ్ల నమ్మకం, కానీ ఈ దారి మీకు తెలిసినట్టు మాకు తెలియదు, మీరు ఇద్దరంటే ఇద్దరే అని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. మైకక్కకు ఒక్కటే అర్థమైంది. ఒకరంటే వదిన ఉండదు. ఇంత పెద్ద బండి గురించి ఎన్ని చూడాలో అన్నీ చూస్తుంది గానీ, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ఆ క్షణమే ఆవిడ మనసులో ఖాయమైపోయింది. ఇద్దరు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, బండి మాత్రం బండే. వాగులో నీళ్లు తలుపు అంచుదాకా వచ్చినా బెదరలేదు. పాత బండి ఒక చక్రం రాయెక్కితే ఇంకో చక్రం గాల్లో తిరుగుతూ ఏడ్చేది. ఇది ఏ చక్రానికి ఎంత బలం కావాలో దానికంతే పంచి, పిల్లి గోడెక్కినట్టు ఎక్కేసింది. దిగేటప్పుడు కాలు తీస్తే చాలు, తనే వేగం పట్టుకునేది, పైగా ఆ దిగే ఊపుతోనే బ్యాటరీలో కాస్త నింపుకునేది. తీగ చుట్టలు ఎన్ని ఎక్కించినా ఒరగలేదు, బరువంతా అడుగునే ఉంది మరి. తప్పులూ లేకపోలేదు. చలి ముదిరిన రోజుల్లో బ్యాటరీ మంచులా కరిగేది, తిరిగి వచ్చేసరికి అడుగంటిపోయేది. కాలు ఆనించడమే ఆలస్యం, బండి ముందుకు గెంతేది. డీజిలు బండికి ఎక్కుడులో గట్టిగా తొక్కకపోతే వెనక్కి జారుతుంది. దీనికి ఆ తొక్కుడు పనికిరాదు, వేలితో తట్టినట్టు తట్టాలి. ఇంజనీరుగారు పదే పదే చెప్పినా మైకక్క కాలు పాత కాలే. అన్నీ ఆవిడ ఉన్నవి ఉన్నట్టు చెప్పేది, ఆయన రాసుకునేవాడు.

చెప్పనిది ఒకటుంది. ఆ బండిలో ఆవిడకు ఊపిరాడేది కాదు. మొదటి రోజు గేటు దాటగానే అలవాటు ప్రకారం నోరు తెరిచి, నిన్న మీ అత్త ఏమందని అరిచింది. వదిన ఉలిక్కిపడి చెవి మూసుకుని, ఇక్కడే ఉన్నాను కదా వదినా అంది. మైకక్కకు తల కొట్టేసినట్టయింది. మరదలి ఇంట్లో కూర్చున్నట్టు అనిపించింది. గొంతు తగ్గించి మాట్లాడబోతే మాటలు రాలేదు. ఇద్దరూ నిశ్శబ్దంలో కూర్చున్నారు. వదిన కాళ్లు చాపినప్పుడల్లా మోకాళ్లు పటపటమంటున్నాయి. ఆ చప్పుడు మైకక్క ఇన్నేళ్లలో వినడం అదే మొదటిసారి. వదిన మాటిమాటికీ నిట్టూరుస్తుందని కూడా అప్పుడే తెలిసింది. ఎందుకని అడిగితే ఏమీ లేదంది. ఏమీ లేదన్న మాట కూడా శుభ్రంగా వినపడింది. ఇక ఆ అనడానికి చోటెక్కడుంది?

రోజులు గడిచినకొద్దీ వదిన మాటలు ఇంకా తగ్గాయి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. బండి మారబట్టి గానీ లేకపోతే ఇలా ఎందుకుంటుంది అని మైకక్క ఆ మౌనాన్ని కూడా మౌని ఖాతాలోనే వేసింది. ఆవిడకు బండి మీద కసి పెరిగింది. ముందు మనిషి లేకుండా ఇది మబ్బు మలుపు ఎక్కలేదని రుజువు చేస్తే చాలు, వదిన ఉద్యోగం పదిలం. ఆవిడకు తోచిన దారి అదొక్కటే.

ఆ చలి రోజుల్లో మలుపు తేటగానే ఉంటూ వచ్చి, వదిన దిగాల్సిన పని పడలేదు. ఆఖర్న ఒక పొద్దున మాత్రం మబ్బు దట్టంగా దిగింది. ఇంజనీరుగారు కింద డిపోలో ఉన్నాడు. బయల్దేరే ముందు ఆయన మరీ మరీ చెప్పాడు, మలుపులో ఎవరూ దిగనక్కర్లేదు, బండికి బిగించిన కెమెరాలూ, బండి వదిలే కిరణాలూ మబ్బులోంచి కూడా దారి అంచు పట్టి స్టీరింగు పక్కనున్న తెర మీద గీసి చూపిస్తాయి, దాన్ని చూసి నడపండని. ఇంకో మాట కూడా చెప్పాడు. రాళ్ల దారిలో పొదకూ రాయికీ బండి దానంతటదే ఆగిపోతుంటే ముందుకు పోలేం కాబట్టి, ఆ ఆగే ఏర్పాటు అక్కడ పనిచెయ్యదు, జాగ్రత్త అని. మైకక్క అన్నిటికీ తలూపింది. మలుపు దగ్గరికి రాగానే బండి ఆపి, వదినా దిగు అంది.

వదిన తెర వైపు చూసింది. తెర మీద దారి అంచు పచ్చగీతలా కనిపిస్తూనే ఉంది. దిగాలా వదినా అని అడిగింది. బొమ్మను నమ్ముకుని లోయలో పడమంటావా, ఎప్పుడూ దిగేదానివేగా అని మైకక్క కసురుకుంది. వదిన ఎర్రగుడ్డ తీసుకుని దిగింది. దిగేటప్పుడు మోకాళ్లు మళ్లీ పటపటమన్నాయి. మైకక్క విననట్టే ఊరుకుంది.

ఆ మలుపులో గాలి హోరు ఒకటి ఉంటుంది. డీజిలు మోత ముందు అది ఎప్పుడూ లెక్కలోకి రాలేదు. ఈ రోజు దోమపాట ఆ హోరులో కలిసిపోయింది. వదిన వీపుకు ఏ మోతా తగలడం లేదు. బండి దూరంగా ఉందేమోనని ఆవిడ నిదానించింది. అలవాటు అలాంటిది మరి, చప్పుడు లేకపోతే బండి రాలేదనే అర్థం. బండేమో ఆవిడ వెనకే ఉంది. ఒక మబ్బు పొర అడ్డొచ్చి ఎర్రగుడ్డ మాయమైంది. అక్కడ ఎక్కుడు. వెనక్కి జారతామన్న భయంతో మైకక్క కాలు తనంతట తాను గట్టిగా తొక్కింది. బండి గెంతింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. అదే ఘోరం. మెత్తగా ఏదో తగిలినట్టయింది, అంతే. మైకక్క బ్రేకు మీద నిలబడిపోయింది. తర్వాత వదినా అని పిలిచింది. జవాబు లేదు. తలుపు తీసుకుని ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. ఎర్రగుడ్డ రాళ్ల మీద పడి ఉంది. అంచు వైపు చూడటానికి ఆవిడకు ధైర్యం చాలలేదు. ఎర్రగుడ్డ తియ్యబోయి వంగితే, అప్పుడు కనిపించింది. వదిన బండి కింద, చక్రాల మధ్య బోర్లా పడి ఉంది. బండి అంత ఎత్తున ఉండబట్టి బతికింది.

"వదినా, నువ్వు బండి కదిలించకు," అంది వదిన కింద నుంచి. "నేనే వస్తాను."

మోచేతుల మీద పాక్కుంటూ వచ్చింది. అరచేతులు చెక్కుకుపోయాయి, గడ్డం కింద నెత్తురు, అంతకు మించి దెబ్బలు లేవు. మైకక్క ఆవిడను రెండు చేతులా ఎత్తి సీట్లో కూర్చోబెట్టి, తన శాలువా కప్పి, గాయాలు తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది. చేసిందంతా తనేనని ఆవిడకు తెలుసు. బండి చెప్పింది, ఇంజనీరు చెప్పాడు, చివరికి వదినా అడిగింది. తన పక్కన మనిషి ఉండాలన్న తాపత్రయంతో ఆ మనిషినే బండి కింద పడేసింది. ఈ మాట ఎవరైనా అంటే బాగుండుననిపించింది.

వదిన చెక్కుకుపోయిన అరచేతులు చూసుకుంటూ అంది. "నేనిక నడవలేను వదినా. మోకాళ్లు పోయి చాలా కాలమైంది."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ప్రతి ఏడూ చెప్తూనే ఉన్నాను. నువ్వు ఆ అనేదానివి."

మైకక్క కాదనబోయి ఆగిపోయింది. ఇంజను మోతలో వినపడలేదని చెప్పుకోవచ్చు. సగం నిజం కూడా. కానీ మోకాళ్లు అన్న మాట ఎన్నోసార్లు చెవిన పడింది. నొప్పి అన్న మాటా పడింది. ఆ తర్వాత ఏం వస్తుందో తెలిసే, ఆ అని, గుంత వచ్చిందని స్టీరింగు తిప్పి, ఇంకో సంగతి ఎత్తుకునేది. అది ఇప్పుడు ఆవిడకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

వదిన చెప్పుకుపోయింది. డిపో సామాన్ల గదిలో కూర్చుని చేసే పని ఒకటి ఖాళీ ఉందట. ముందు మనిషి పని ఎత్తేస్తే ఆ చోటు తనకే ఇస్తామని పెద్దలు మాటిచ్చారట. ఎత్తెయ్యకపోతే మాత్రం, పని ఉండగా వదిలి పోతే, ఇంటికే పోవాలి. ఇంజనీరుగారిని కూడా రహస్యంగా అడిగిందట, ఒకరు చాలంటారా అండీ అని. అంతా మైకక్క గారి మాట మీదే ఉందన్నాడట. బండి వచ్చిన రోజు రాత్రి ఇంట్లో అందరికీ చెప్పి సంతోషపడిందట. తీరా చూస్తే మైకక్క బండిని తిట్టడం, మలుపు దగ్గర తనను దింపాలని చూడటం. అడగడానికి నోరు రాలేదట.

వింటున్నకొద్దీ మైకక్కకు సంగతి తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ తను ఏది పోకుండా కాపాడాలనుకుందో, వదిన దానిలోంచి ఎప్పుడు బయటపడదామా అని చూస్తోంది. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడకు ఇది పని. పని అయ్యాక ఇంటికి పోతే అక్కడ ఆవిడకు బతుకు ఉంది. తనకే ఇటు పనీ అటు బతుకూ ఒక్కటిగా కలిసిపోయాయి.

"మరి నా పక్కన ఎవరు కూర్చుంటారు?" అంది మైకక్క. అడగకూడదనుకుంటూనే అడిగింది.

వదిన ఆశ్చర్యంగా చూసింది. "ఈ బండికి పక్కన ఎవరూ అక్కర్లేదు కదా వదినా."

మాటలో కల్మషం ఏమీ లేదు. ఉంటే పోట్లాడొచ్చును. మైకక్క మొహం తుడుచుకుని, తెర దగ్గరికి జరుపుకుని, పచ్చగీత మీద చూపు పెట్టి, వేలితో తట్టినట్టు తట్టింది. బండి మబ్బులోకి దూరింది. బయట తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. గీత వంగినచోట వంగి, నిలిచినచోట నిలిచి, మలుపు తిరిగి ఎండలోకి వచ్చేశారు. ఇన్నేళ్లలో అంత మబ్బులో ఆ మలుపు దాటుతూ వదిన సీట్లో కూర్చుని ఉండటం అదే మొదటిసారి. ఎంత తేలికో అంది వదిన. ఆ తర్వాత దారంతా కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. మైకక్క నెమ్మదిగా, కుదుపులు రాకుండా నడిపింది.

పైన సరుకు దించి డిపోకు వచ్చాక ఇంజనీరుగారు వదిన గడ్డం చూసి కంగారుపడి, చేతులకు కట్టు కట్టించాడు. రాయి మీద జారానని వదిన చెప్పింది. మైకక్క అడ్డుపడి, జారలేదు, నేను గుద్దాను, మీరు వద్దన్నా నేనే దింపాను, నా కాలే తొక్కింది అని మొత్తం చెప్పేసింది. ఆయన తిట్టలేదు. ఆ సన్నటి రొద సంగతి మాత్రం గుచ్చి గుచ్చి అడిగాడు. గాలిలో అది ఏ మూలకూ చాలదు, ఎవరైనా వీపు పెట్టి నిలబడితే వాళ్లకు మీ బండి మృత్యువే, దాన్ని పెంచి తీరాలని ఆవిడ చెప్పింది. ఎక్కుడులో ఆ గెంతు తగ్గించమంది. చలికి బ్యాటరీ చాలడం లేదు, పైన షెడ్ల దగ్గర కూడా ఛార్జింగు పెట్టమంది. లాగుడుకు వంక లేదు, దిగుడుకు వంక లేదు, వాగుకు వంక లేదు అంది. ఆయన అన్నీ రాసుకుని, కలం ఆపి, మిగిలినది ఒక్కటే కదండీ అన్నాడు.

ఇంకా అబద్ధం ఆడొచ్చు. ఆవిడ మాటను కాదనేవాళ్లు లేరు. ఇద్దరు అంటే చాలు, వదిన రేపు పొద్దున కట్టు కట్టుకుని అయినా వచ్చి పక్కన కూర్చుంటుంది. తప్పదు కాబట్టి వస్తుంది. ఆ తప్పదన్నది మనసులోకి వచ్చేసరికి మైకక్కకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఒకరు చాలు," అంది.

బయట వదిన బెంచీ మీద కూర్చుని ఉంది. మైకక్కను చూడగానే లేచి నిలబడింది. ఒకరు చాలన్నానని చెప్పగానే ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది. కట్టు కట్టిన చేతులతోనే మైకక్క చేతులు పట్టుకుని, నీ మేలు ఈ జన్మలో మరిచిపోను వదినా అంది. కళ్లనీళ్లు పెట్టుకుంది. రేపటి నుంచి పిల్లలు ఇంటికి వచ్చేవేళకు ఇంట్లో ఉంటాను, తీరిక ఉన్నప్పుడు నువ్వూ రా, మా అత్త నోరు నువ్వొక్కదానివే మూయించగలవు అని నవ్వింది. మైకక్కా నవ్వింది. ఇంతలో వదిన ఎక్కాల్సిన బస్సు వచ్చింది. వదిన కుంటుకుంటూనే, కానీ ఎప్పుడూ లేనంత హుషారుగా గేటు దాటి వెళ్లిపోయింది. మైకక్క బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడింది. వదిన వెనక్కి తిరిగి చూడలేదు. పాపం, ఇంట్లో చెప్పే తొందర ఆవిడది.

ఇంజనీరుగారు బయటికొచ్చి ఇంకొక్క సంగతి అన్నాడు. మనిషి ఒక్కరే అయినప్పుడు ఆ పక్క సీటు దండగ, దాన్ని తీసేసి అక్కడ ఒక పెట్టె బిగిస్తే పైకి పోయే మందులు చలికి పాడవకుండా లోపలే ఉంటాయి అని ఆలోచన. అయినా నడిపేది మీరు, ఉంచమంటే అలాగే ఉంచుతాం అన్నాడు.

మైకక్క బండి వంక చూసింది.

"తీసెయ్యండి. అది ఉంటే ఎవరో వస్తారని గేటు దగ్గర ఆగుతుంటాను."

ఆయన సరేనని మెకానిక్కును పిలిచాడు. మెకానిక్కు లోపలికి ఎక్కి బోల్టులు విప్పాడు. సీటు చూడ్డానికి చిన్నదే గానీ ఇనుము ఎక్కువ. తలుపులోంచి బయటికి తియ్యడం వాడొక్కడి వల్ల కాలేదు. ఇంకొకరు పట్టాలక్కా అన్నాడు. మైకక్క పైట నడుముకు దోపి, రెండో వైపు పట్టుకుంది.